వేంగి గద్దె లెక్కలు: కలిదిండి యుద్ధం ఎందుకు జరిగింది, ఏం తేల్చింది?

తండ్రి ఒక్కడు, తల్లులు ఇద్దరు, కొడుకులు ఇద్దరు, గద్దె ఒక్కటి. కొల్లేటికి దక్షిణాన ఉన్న కలిదిండిలో వెయ్యేళ్ల కిందట మూడు శివాలయాలు వెలవడానికి కారణం ఈ లెక్కే. గెలిచిన రాజు తన కీర్తి కోసం కట్టించుకున్న గుళ్లు కావవి. అతని తరఫున కత్తి పట్టి ప్రాణాలు విడిచిన ముగ్గురు సేనాపతుల జ్ఞాపకార్థం కట్టించినవి. ఆ ముగ్గురిలో ఒక్కరూ వేంగి వారు కాదు. ముగ్గురూ తమిళ దేశం నుంచి వచ్చిన చోళ సేనానులు.

యుద్ధం అనగానే మనకు పల్నాడు, బొబ్బిలి, తళ్లికోట గుర్తొస్తాయి. కలిదిండి గుర్తు రాదు. 2022లో ఏలూరు జిల్లాలో కలిసిన ఈ మండలం పేరు చెబితే చేపల చెరువులు, రొయ్యల చెరువులే కళ్ల ముందు మెదులుతాయి. కానీ వేంగి చాళుక్యుల నాలుగున్నర శతాబ్దాల కథ ఏ మలుపు తిరిగి ఎక్కడ ముగిసిందో తెలియాలంటే ఈ ఊరి దగ్గర ఆగాల్సిందే. ఆ కథను అంకెల్లో చూద్దాం.

రాగిరేకుల మీద లెక్కల పుస్తకం

వేంగి అంటే నేటి పెదవేగి. ఏలూరుకు ఉత్తరాన సుమారు 12 కిలోమీటర్ల దూరం. బాదామి చాళుక్య చక్రవర్తి రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు 624 ప్రాంతంలో ఇక్కడ తూర్పు చాళుక్య వంశాన్ని నిలబెట్టాడు.

ఈ వంశం మనకు ఒక అరుదైన ఆస్తిని మిగిల్చింది. ఎవరికైనా ఊరో పొలమో దానం చేసినప్పుడు రాజులు రాగిరేకుల మీద శాసనం చెక్కించేవారు. రేకుల అంచులను కాస్త పైకి లేపేవారు, ఒక రేకు మీది అక్షరాలు ఇంకో రేకుకు రాసుకుని అరిగిపోకుండా. రేకులన్నిటినీ ఒక కడియానికి గుచ్చి, దాని మీద వరాహం, అంకుశం, చంద్రుడు, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న బిరుదు ఉన్న ముద్ర వేసేవారు. దాన వివరం చెప్పే ముందు వంశ క్రమం చెప్పడం ఆనవాయితీ. ఎవరి తర్వాత ఎవరు, ఎన్నేళ్లు, ఎన్ని నెలలు, ఆఖరికి ఎన్ని రోజులు ఏలారో వరసగా రాసేవారు. ఏడంటే ఏడే రోజులు గద్దె మీద ఉన్న ఇంద్రభట్టారకుణ్ణి కూడా వదల్లేదు.

శాసనానికీ శాసనానికీ అక్కడక్కడ తేడాలున్నాయి. రెండో విజయాదిత్యుడి పాలన ఒక చోట 40 ఏళ్లు, మరో చోట 44, ఇంకో చోట 48 అని కనిపిస్తుంది. ఆ తేడాలను సర్దుకుని చరిత్రకారులు ఒప్పుకున్న కాలక్రమాన్ని తీసుకుంటే కనిపించే లెక్క ఇది:

- 624 నుంచి 922 వరకు, అంటే సుమారు 298 ఏళ్లలో, 14 మంది రాజులు. సగటున ఒక్కొక్కరికి 21 ఏళ్లు.
- 922 నుంచి 973 వరకు, అంటే 51 ఏళ్లలో, 10 మంది రాజులు. సగటున ఒక్కొక్కరికి 5 ఏళ్లు.
- 973 నుంచి సుమారు 1000 వరకు, 27 ఏళ్ల పాటు వంశంలో ఎవరికీ గద్దె లేదు.

మొదటి మూడు వందల ఏళ్లలో తగాదాలు లేవని కాదు. రెండో విజయాదిత్యుడి మీద సొంత తమ్ముడు భీమ సాళుక్కి తిరగబడి రాష్ట్రకూటులను వెంట తెచ్చుకున్నాడు. ఆ పోరులో రాజు 12 ఏళ్లలో 108 యుద్ధాలు చేశాడనీ, 108 శివాలయాలు కట్టించాడనీ శాసనాలు చెబుతాయి. 12 ఏళ్లలో 108 అంటే నలభై రోజులకు ఒకటి. 108 మన సంప్రదాయంలో పవిత్రమైన సంఖ్య కాబట్టి దాన్ని అక్షరాలా తీసుకోనక్కర్లేదు. పోరు ఏళ్ల తరబడి తెరిపి లేకుండా సాగిందన్నది మాత్రం నిజం. అయినా అప్పటికి వంశంలో సత్తువ ఉంది. గద్దె మళ్లీ అన్న చేతికే వచ్చింది.

74 ఏళ్లకు ఇద్దరు, 16 ఏళ్లకు ఏడుగురు

గుణగ విజయాదిత్యుడు 44 ఏళ్లు, ఆయన తర్వాత చాళుక్య భీముడు 30 ఏళ్లు ఏలారు. ఇద్దరు రాజులతో 74 ఏళ్లు గడిచాయి. భీముడి కాలమూ సుఖంగా సాగలేదు. పినతండ్రి యుద్ధమల్లుడు గద్దె నాదన్నాడు, రాష్ట్రకూట సైన్యం వేంగి మీద పడింది. నిరవద్యపురం, పెరువంగూరు అనే రెండు చోట్ల జరిగిన పోరుల్లో భీముడి పెద్ద కొడుకు శత్రు సేనాపతి గుండయను చంపి, తానూ ప్రాణాలు విడిచాడు. ఆ రాకుమారుడి వయసు 16 ఏళ్లు. నిరవద్యపురం అంటే తాడేపల్లిగూడేనికి తూర్పున 20 కిలోమీటర్లలోపే ఉన్న నిడదవోలని పండితుల మాట.

భీముడు 922 ప్రాంతంలో కన్నుమూశాక గద్దె మీద ఎవరెంత కాలం కూర్చున్నారో శాసనాల్లో ఇలా ఉంది:

- నాలుగో విజయాదిత్యుడు: 6 నెలలు
- మొదటి అమ్మరాజు: 7 ఏళ్లు
- బేత విజయాదిత్యుడు: అర నెల
- తాళుడు: 1 నెల
- రెండో విక్రమాదిత్యుడు: 11 నెలలు
- భీముడు, అమ్మరాజు కొడుకు: 8 నెలలు
- రెండో యుద్ధమల్లుడు: 7 ఏళ్లు

కలిపితే సుమారు 16 ఏళ్లు, ఏడుగురు రాజులు. నడుమనున్న నలుగురి కాలం కూడితే ఇరవై నెలల పైచిలుకు. బేత విజయాదిత్యుడు పసివాడు. తాళుడు అతణ్ణి పట్టి బంధించి గద్దెనెక్కాడు. తాళుణ్ణి విక్రమాదిత్యుడు చంపాడు. విక్రమాదిత్యుణ్ణి భీముడు చంపాడు. భీముణ్ణి తాళుడి కొడుకు యుద్ధమల్లుడు చంపాడు. అందరూ ఒకే ఇంటివారు, దాయాదులు. యుద్ధమల్లుడికి రాష్ట్రకూటుల దన్ను ఉంది. చివరికి అమ్మరాజు సవతి తమ్ముడు రెండో చాళుక్య భీముడు అతణ్ణి తరిమేసి 12 ఏళ్లు ఏలాడు.

ఆ తర్వాతా చల్లారలేదు. రెండో అమ్మరాజు 25 ఏళ్లు ఏలాడన్నారే గానీ మధ్యలో 956లో యుద్ధమల్లుడి కొడుకులు బాడపుడు, తాళుడు రాష్ట్రకూట మూడో కృష్ణుడి అండతో గద్దెను లాక్కున్నారు. అమ్మరాజు తర్వాత సవతి అన్న దానార్ణవుడు రాజయ్యాడు. అతనికి దక్కింది 3 ఏళ్లే. 973లో తెలుగు చోడ నాయకుడు జటాచోడ భీముడు అతణ్ణి చంపి వేంగిని వశం చేసుకున్నాడు. తర్వాతి 27 ఏళ్లను చాళుక్య శాసనాలు నాయకుడు లేని కాలంగా రాసుకున్నాయి. దేశంలో పాలన లేదని కాదు, జటాచోడ భీముడు ఏలుతూనే ఉన్నాడు. అతణ్ణి రాజుగా ఒప్పుకోవడం చాళుక్యులకు మనసొప్పలేదు.

రెండు పెళ్లిళ్లు, రెండు పక్షాలు

దానార్ణవుడి కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు చోళ దేశంలో తలదాచుకున్నారు. తంజావూరు రాజరాజ చోళుడు వారిని చేరదీశాడు, సైన్యం పంపి జటాచోడ భీముణ్ణి కూల్చాడు, శక్తివర్మను గద్దె మీద కూర్చోబెట్టాడు. శక్తివర్మ 12 ఏళ్లు ఏలాడు. 1011 మే 10న తమ్ముడు విమలాదిత్యుడు పట్టం కట్టుకుని 7 ఏళ్లు ఏలాడు.

చోళుల సాయానికి ఒక బంధం తోడైంది. రాజరాజ చోళుడు తన కూతురు కుందవను విమలాదిత్యుడికిచ్చి పెళ్లి చేశాడు. వారి కొడుకు రాజరాజ నరేంద్రుడు. విమలాదిత్యుడికి మేళమ అనే మరో రాణి ఉంది. ఆమె కొడుకు ఏడో విజయాదిత్యుడు.

ఇక్కడి నుంచి లెక్క తేలిక. పెద్దవాడికి చోళ రాజేంద్రుడు స్వయానా మేనమామ. పైగా రాజేంద్రుడు తన కూతురు అమ్మంగను ఈ మేనల్లుడికే ఇచ్చాడు. మేనరికంతో మేనమామ మామగారూ అయ్యాడు. చిన్నవాడికి తంజావూరులో చుట్టరికం లేదు. చోళులకు బద్ధవిరోధులైన పశ్చిమ చాళుక్యుల పంచన చేరాడు. కన్నడ సీమనేలే ఆ రాజు రెండో జయసింహుడు వేంగిలో చోళుల పట్టు సడలాలని చూస్తున్నాడు. కొల్లేటి చుట్టుపక్కల పొలాల మీదుగా రెండు పెద్ద సామ్రాజ్యాలు తలపడడానికి దారి ఇలా పడింది.

విమలాదిత్యుడి పాలన 1018లో ముగిసింది. రాజరాజ నరేంద్రుడికి పట్టాభిషేకం జరిగింది 1022 ఆగస్టు 16న. మధ్యలో నాలుగేళ్లు. తండ్రి పోయాక పెద్ద కొడుకు కిరీటం పెట్టుకోవడానికి నాలుగేళ్లు పట్టిందంటే గద్దె ఖాళీగా లేదనీ, ఎవరో అడ్డం పడ్డారనీ అర్థం. 1031 ప్రాంతంలో విజయాదిత్యుడు వేంగిని పట్టుకుని పట్టం కట్టుకున్నాడు. రాజరాజ నరేంద్రుడు మళ్లీ గద్దెనెక్కింది 1035 ప్రాంతంలో.

మూడు పేర్లు, మూడు గుళ్లు

కలిదిండి పోరు ఈ గొడవలోనిదే. దీన్ని చరిత్రకారుల్లో కొందరు 1022 పట్టాభిషేకానికి ముందటి దండయాత్రలో, మరికొందరు 1031 తర్వాతి పోరులో చేర్చారు. ఎప్పటిదైనా ఇరుపక్షాలు ఎవరో స్పష్టం. ఒక వైపు రాజేంద్ర చోళుడు పంపిన ద్రవిడ సైన్యం, ఇంకో వైపు విజయాదిత్యుడికి దన్నుగా వచ్చిన కర్ణాట సైన్యం.

రాజరాజ నరేంద్రుడి కలిదిండి తామ్రశాసనం ఆ పోరులో చనిపోయిన చోళ సేనానులను పేర్లతో సహా చెబుతుంది. ఒకరు రాజరాజ బ్రహ్మ మహారాజు. రెండోవారు ఉత్తమచోడ చోడగోన్. మూడోవారు ఉత్తమచోడ మిలాడుడైయాన్, అంటే మిలాడు సీమ నాయకుడు. మిలాడు తమిళనాట తిరుక్కోయిలూరు చుట్టుపక్కల ప్రాంతం. అక్కడి నుంచి కలిదిండికి గాలిలో గీత గీసినా 500 కిలోమీటర్లు దాటుతుంది. తర్వాతి కాలంలో పశ్చిమ చాళుక్యుల రాజధాని అయిన కల్యాణి, నేటి బసవకల్యాణ్, పడమరగా ఇంచుమించు అంతే దూరం. పెదవేగి నుంచి కలిదిండికి మాత్రం సుమారు 40 కిలోమీటర్లు. ఇంటివాళ్ల తగువు కోసం అంత దూరం నుంచి వచ్చిన మనుషులు ఈ గడ్డ మీద నేలకొరిగారు.

రాజు వారి ముగ్గురి జ్ఞాపకార్థం మూడు శివాలయాలు కట్టించి, వాటి పోషణకు ఊళ్లు రాసిచ్చాడు. పొగడ్తలూ బిరుదులూ నిండిన రాచ శాసనాల్లో ఇలాంటిది అరుదు. తాను గెలిచానని రాయించుకోవడం రాజులకు మామూలే. తన కోసం పరాయి దేశం వారు చచ్చిపోయారని పేరుపేరునా రాయించి, దీపం ఆరకుండా ఏర్పాటు చేయడం మామూలు కాదు.

ఎన్ని వేల మంది పోరాడారు, ఎంతమంది చనిపోయారన్న అంకె శాసనంలో లేదు. ముగ్గురు సేనాపతులు ఒకే పోరులో కూలారంటే వారి వెనక నడిచిన కాల్బలం గతి ఊహించుకోవచ్చు. ఆ సైనికులకు గుళ్లు లేవు, పేర్లూ లేవు.

ఈ పోరు ఏం తేల్చింది?

గద్దె రాజరాజ నరేంద్రుడికి నిలిచింది. 1022 నుంచి 1061 వరకు 39 ఏళ్లలో తమ్ముడు లాక్కున్న నాలుగేళ్లు పోను ఆయనకు మిగిలింది 35 ఏళ్లు. ఆ 35 ఏళ్లు తెలుగుకు ఏం మిగిల్చాయో చెప్పాలంటే ఒక్క పేరు చాలు. నన్నయ ఆయన ఆస్థానకవి. ఆయన కోరిక మీదే మహాభారతాన్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టి ఆది, సభా పర్వాలూ, అరణ్య పర్వంలో కొంత భాగమూ రాశాడు. 1053 నాటి నందంపూడి శాసనం కూడా నన్నయ రచనే. అన్నదమ్ముల బిడ్డల మధ్య రాజ్యం కోసం జరిగిన యుద్ధ కథను, సవతి తమ్ముడితో బతుకంతా పోరాడిన రాజు తన భాషలో వినాలనుకున్నాడు. కలిదిండిలో పోరు మరోలా ముగిసి ఉంటే ఆ రాజూ ఆ సభా మనకు ఉండేవి కావేమో.

గొడవ మాత్రం తేలలేదు. 1061లో రాజరాజ నరేంద్రుడు కన్నుమూయగానే విజయాదిత్యుడి పక్షం మళ్లీ లేచింది. అతని కొడుకు రెండో శక్తివర్మ రాజయ్యాడు. ఏడాది తిరగకుండానే చోళులతో పోరులో చనిపోయాడు. కొడుకు పోయాక ఆ కిరీటం తండ్రే పెట్టుకోవాల్సి వచ్చింది.

రాజరాజ నరేంద్రుడి కొడుకు రాజేంద్రుడు 1070లో చోళ సింహాసనమే ఎక్కి మొదటి కులోత్తుంగ చోళుడయ్యాడు. వేంగిని పినతండ్రి విజయాదిత్యుడికే వదిలాడు. విజయాదిత్యుడు 15 ఏళ్లు ఏలాడని కులోత్తుంగుడి కొడుకుల శాసనాలు చెబుతాయి. 1076 ప్రాంతంలో అతను పోయాక కులోత్తుంగుడు తన కొడుకు రాజరాజ ముమ్మడి చోడుణ్ణి వేంగికి పంపాడు. తల్లిదండ్రుల పాదసేవలో ఉన్న సుఖం రాజ్యంలో లేదంటూ అతను ఏడాదికే తిరిగి వెళ్లిపోయాడు. అప్పటికి వేంగి గద్దె చోళ రాకుమారుల కొలువుగా మారిపోయింది.

మూడు తరాలు, ముగ్గురు చోళ ఆడపడుచులు: విమలాదిత్యుడికి కుందవ, రాజరాజ నరేంద్రుడికి అమ్మంగ, కులోత్తుంగుడికి మధురాంతకి. చివరి ఇద్దరివీ మేనరికాలే. 450 ఏళ్లు సొంతంగా నిలిచిన రాజ్యం, సాయం చేయడానికి వచ్చిన చుట్టాల రాజ్యంలో కలిసింది.

ఇంగ్లండులోనూ ఇదే లెక్క

వంశ కలహాలకు ప్రపంచంలో అందరూ చెప్పే ఉదాహరణ ఇంగ్లండులో 1455లో మొదలైన గులాబీల యుద్ధాలు. లాంకాస్టర్, యార్క్ అనే రెండు దాయాది శాఖల పోరది. 1461 నుంచి 1485 వరకు 24 ఏళ్లలో కిరీటం ఆరుసార్లు చేతులు మారింది. 1461 మార్చి 29న మంచు కురుస్తుండగా జరిగిన టౌటన్ యుద్ధంలో 28,000 మంది చనిపోయారని అప్పట్లో చాటించారు. అంత మంది ఉండకపోవచ్చని నేటి పరిశోధకుల మాట. 1996లో అక్కడ ఒక సామూహిక సమాధి బయటపడింది, కనీసం 37 మంది ఎముకలతో.

బేత విజయాదిత్యుడి లాంటి బాల రాజు అక్కడా ఉన్నాడు. అయిదో ఎడ్వర్డ్ 1483లో 78 రోజులు రాజుగా ఉన్నాడు, పినతండ్రి మూడో రిచర్డ్ గద్దెనెక్కాడు, పిల్లవాడు మళ్లీ ఎవరికీ కనిపించలేదు. మన బేత విజయాదిత్యుడి వంశం మాత్రం బతికి బట్టకట్టింది. పిఠాపురంలో 1202 నాటి చాళుక్య శాసనం తమ వంశాన్ని అతని నుంచే లెక్కపెట్టుకుంది.

రిచర్డును కూల్చడానికి హెన్రీ ట్యూడర్ ఫ్రాన్స్ డబ్బుతో, ఫ్రాన్స్ సైనికులతో 1485 ఆగస్టు 7న ఒడ్డున దిగాడు. 15 రోజులకు, ఆగస్టు 22న, బోస్వర్త్ యుద్ధంలో రిచర్డ్ చనిపోయాడు. హెన్రీ ఎదుటి పక్షం ఆడపిల్ల ఎలిజబెత్‌ను పెళ్లాడి రెండు శాఖలను కలిపాడు. ఆ పెళ్లి ఇంటిలోపలి తగువు తీర్చింది. వేంగిలో మూడు పెళ్లిళ్లూ బయటి బలాన్ని తెచ్చాయే తప్ప కుందవ కొడుకునూ మేళమ కొడుకునూ కలపలేదు. ఇంగ్లండ్ ఒక రాజ్యంగా మిగిలింది. వేంగి మిగల్లేదు.

ఆ బోస్వర్త్ దగ్గర నేడు చూపరుల కోసం ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉంది. పిల్లలను బడుల నుంచి తీసుకెళ్లి ఆ పోరు ఎలా జరిగిందో చెబుతారు.

అంకెలు చెప్పే తీర్పు

వేంగి గద్దె గొడవల్లో పెద్దవి అయిదు తీసుకుందాం. భీమ సాళుక్కి, యుద్ధమల్లుడు, బాడప తాళులు రాష్ట్రకూటులను పిలిచారు. శక్తివర్మ చోళులను తెచ్చుకున్నాడు. రాజరాజ విజయాదిత్యుల పోరులో చోళులూ వచ్చారు, కర్ణాటులూ వచ్చారు. అయిదుకు అయిదుసార్లూ ఇంటివాడే తలుపు తీశాడు. వేంగిని కూల్చింది శత్రువు కాదు, వారసత్వపు తగువు. ఎవరు రాజు కావాలో ముందే తేల్చే కట్టుబాటు, అందరూ తలొగ్గే కట్టుబాటు, ఆ వంశంలో ఎన్నడూ గట్టిపడలేదు. కలిదిండిలో చనిపోయిన ముగ్గురు ఆ లోటుకు మూల్యం చెల్లించిన వారిలో మనకు పేర్లు తెలిసిన వారు.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు బడుల్లో పిల్లలకు ఈ కథ చెప్పాలి. కలిదిండిలో ఆ ముగ్గురి పేర్లతో, శాసనం సారాంశంతో ఒక పలక నిలపాలి. దానికి పెద్ద ఖర్చు అవసరం లేదు, పంచాయతీ తలచుకుంటే చాలు. కొల్లేటి చుట్టుపక్కల చెరువులు తవ్వే రైతులకు ఇంకో మాట. తామ్రశాసనాలు చాలావరకు పొలం దున్నేటప్పుడో, పునాది తీసేటప్పుడో బయటపడినవే. మీ పారకు రాగిరేకో, చెక్కడపు రాయో, పాత నాణేలో తగిలితే కరిగించకండి, అమ్మకండి. 10 రూపాయలకు మించి విలువ చేసే నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి చట్టం చెబుతోంది. తహసీల్దారు కార్యాలయంలో ఒక్క మాట చెప్పండి. ఈ నేల చరిత్రలో ఇంకా పూరించని అంకెలు మీ పొలంలోనే ఉండవచ్చు.